ఊరి చరిత్ర కోసం ఎగ్మోర్ ఆర్కైవ్స్: వెళ్ళేముందు ఈ హోంవర్క్ చేసుకోండి

చెన్నైలో ఉంటూ నెల్లూరు, చిత్తూరు వైపు సొంతూరి పాత సంగతులు తవ్వాలనుకునేవాళ్ళకి ఎగ్మోర్ స్టేషన్ ఎదుట, గాంధీ ఇర్విన్ రోడ్డులో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌ని మించిన చోటు ఈ నగరంలో లేదు. 1953 అక్టోబరు 1 దాకా మన జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కిందే కదా. కాకపోతే "మాది ఫలానా ఊరు, ఏముందో చూపించండి" అని అడిగితే పని జరగదు. ఇక్కడ అన్నీ శాఖ, సంవత్సరం, జీవో నంబరు లెక్కన కట్టిన కట్టలే.

ముందు తేల్చుకోవాల్సింది, ఆ కాలంలో మీ ఊరు ఏ జిల్లాలో ఉండేదని. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో, తర్వాత 1970 దాకా గుంటూరులో ఉంది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకుముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె కడపలో ఉండేవి. 1900 నాటి సంగతిని చిత్తూరు పేరు కింద వెతికితే ఏం దొరుకుతుంది?

ఎక్కువమంది బోల్తాపడేది మాత్రం జమీందారీ దగ్గర. వెంకటగిరి, కాళహస్తి లాంటి సంస్థానాలకు 1802లో శాశ్వత పైసలా (పర్మనెంట్ సెటిల్‌మెంట్) జరిగింది. సర్కారుకి పేష్కష్, అంటే ఏటా ఖాయంగా ఇచ్చే కప్పం, కట్టేది జమీందారు. ఏ రైతు ఎంత శిస్తు కట్టాడన్న లెక్క సంస్థానం కచేరీలో ఉండేది, సర్కారు దఫ్తరంలో కాదు. కాబట్టి అలాంటి ఊరికి ఊరి పేరు వదిలేసి సంస్థానం పేరు పట్టుకోండి. పేష్కష్ బకాయిలు, వారసత్వ తగాదాలు, చెరువు మరమ్మతుల గొడవల్లో ఊళ్ళు బయటపడతాయి. రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే రైతువారీ ఊరైతే ఇంత తిప్పలు లేవు, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సులో జమాబందీ (ఏటా శిస్తు లెక్క తేల్చే) నివేదికలు చూస్తే చాలా తెలుస్తుంది.

ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం ఇండెక్సు వేరు. కాళహస్తిని 'కలాస్ట్రీ' అని సి అక్షరం కింద పెట్టిన దొరల స్పెల్లింగులు ఉంటాయి, అందుకే సి, కె రెండూ చూడాలి. ఎంట్రీ దొరికాక శాఖ, నంబరు, తేదీ మూడూ చీటీ మీద రాసివ్వాలి. తేదీ తప్పితే వేరే కట్ట వస్తుంది, పూట పోతుంది. కాగితంలో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి: 1310 ఫసలీ అంటే 1900 జులై నుంచి 1901 జూన్ దాకా.

వెళ్ళేముందు బాస్వెల్ 1873 నాటి నెల్లూరు జిల్లా మాన్యువల్ తిరగేస్తే తాలూకాలు, జమీందారీలు ఒక కొలిక్కి వస్తాయి. గుడి శాసనాలు కావాలంటే అసలు ఆర్కైవ్స్ దాకా పోనక్కర్లేదు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చేసిన మూడు సంపుటాల నెల్లూరు శాసనాలు లైబ్రరీలో చూసుకుంటే సరి.

గుర్తింపు కార్డు, ఏం వెతుకుతున్నారో చెప్పే ఉత్తరం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి. పాత సిరా కొరికేసిన కాగితం మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది, కాబట్టి పుటని చివర పట్టుకుని తిప్పకండి, కింద అరచెయ్యి పెట్టి ఎత్తండి. ఫొటోలు, నకళ్ళ నియమాలేంటో మొదటే అడగండి. ఇనాం (మాన్యంగా ఇచ్చిన) భూముల రిజిస్టర్ల కోసమే అయితే ఇక్కడికి రాకముందు హైదరాబాద్ ఆర్కైవ్స్‌లోనూ, మీ కలెక్టరేటు రికార్డు రూములోనూ వాకబు చేయడం మేలు.