షుగర్ లేనివాళ్లకు ఏది మేలు: మెట్‌ఫార్మినా, రాపమైసినా, బరువులా?

చెన్నైలో మన తెలుగువాళ్లు, ముఖ్యంగా నలభై దాటి ఓఎంఆర్ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు, పదే పదే అడిగేది ఇదే: షుగర్ లేకపోయినా, కణాలు తొందరగా ముసలివి కాకుండా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ లాంటి మాత్ర మొదలుపెట్టవచ్చా అని.

ఎలుకల్లో రాపమైసిన్‌దే పైచేయి. 2009లో అమెరికాలో 600 రోజుల వయసున్న, అంటే ముసలితనానికి దగ్గరైన ఎలుకలకు పెట్టినా, గుంపులో 90 శాతం చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు అలాంటి తేడా రాలేదు. అయితే రాపమైసిన్ కిడ్నీ మార్పిడి రోగుల మందు. నోటిపూత, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, గాయాలు ఆలస్యంగా మానడం దీంతో మామూలే. మధ్యలో క్లారిత్రోమైసిన్ కోర్సు పడితే రక్తంలో దీని స్థాయి ఎగబాకుతుంది, దీన్ని విరిచే ఎంజైమును ఆ యాంటీబయాటిక్ అడ్డుకుంటుంది కాబట్టి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ బెడద దేనికి?

మెట్‌ఫార్మిన్ చవక, పాతది, భయం తక్కువ. దాని విషయం తేల్చేది నా లెక్కలో కండ. 65 దాటినవాళ్ల చేత 14 వారాలు బరువులు ఎత్తించిన ఒక ప్రయోగం 2019లో వెలువడింది. రోజుకు 1,700 మి.గ్రా. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లకన్నా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకే కండ ఎక్కువ పట్టింది. బరువు ఎత్తేటప్పుడు కణంలో శక్తి తరిగి, శక్తి తక్కువైందని గుర్తించే ఏఎంపీకే అనే ఎంజైము లేస్తుంది. తర్వాత, తిన్నాక, పెరుగుదలను నడిపే ఎంటార్ అనే ప్రోటీన్ లేచి కండ కడుతుంది. మెట్‌ఫార్మిన్ ఏఎంపీకేను లేపి ఎంటార్‌ను అణచగలదు; రోజూ వేసే మాత్రకు ఈ వంతులు తెలియవు.

షుగర్ అంచున ఉన్నవాళ్ల సంగతి వేరు. 2006లో వెలువడిన చెన్నై వైద్యుల అధ్యయనంలో తిండి, నడక మార్చుకున్నవాళ్లకు షుగర్ ముప్పు 28.5 శాతం, మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం తగ్గింది. రెండూ కలిపినా 28.2 దగ్గరే ఆగింది. అక్కడ మాత్ర డాక్టరు నిర్ణయం. ఇప్పటికే వాడుతున్నవాళ్లు మానకండి, ఈ మందు విటమిన్ బి12ను తగ్గించవచ్చు కాబట్టి దాన్ని మాత్రం చూపించుకోండి. శాకాహారుల్లో బి12 లోటుతో వచ్చే అరికాళ్ల తిమ్మిరిని షుగర్ ఖాతాలో వేసేస్తుంటారు.

మెరీనాలో నడక గుండెకు మంచిదే కానీ కండకు చాలదు. వారానికి రెండు రోజులు కూర్చుని లేవడం, నేల మీది బరువు ఎత్తడం, నెట్టడం, లాగడం: ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు. ప్రతి విడతలో చివరి రెండు సార్లూ కష్టమనిపించాలి. 12 తేలికైతే కిలో రెండు కిలోలు పెంచండి. వీపు వంచి, తొందరపడి పెంచితే నడుము పడుతుంది. కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకు ఒంటి బరువు కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు; మూడిడ్లీల టిఫిన్ ఆరు గ్రాములకు మించి ఇవ్వదు, పక్కన రెండు గుడ్లు పెడితే మరో పన్నెండు.

ముసలితనం ఆపుతుందని అమ్మే ఎన్ఎంఎన్ అనే సప్లిమెంటు, కణాల శక్తి తయారీకి కావలసిన ఎన్ఏడీ అనే పదార్థాన్ని రక్తంలో పెంచుతుంది, మనుషుల ఆయుష్షు పెంచినట్టు రుజువు లేదు. ముసలి కణాలను చంపడానికి, మొక్కల్లో దొరికే క్వెర్సెటిన్ అనే పదార్థంతో కలిపి ప్రయోగాల్లో ఇస్తున్న డాసాటినిబ్ రక్త క్యాన్సర్ మందు, సొంతంగా తెచ్చుకుని మింగేది కాదు.