జపాన్ నుంచి తెచ్చిన జీటీ-ఆర్ మేలా, అమెరికాలో అమ్మిన 300జెడ్ఎక్స్ మేలా?

1989లో నిస్సాన్ సంస్థ రెండు స్పోర్ట్స్ కూపేలను (రెండు తలుపుల కార్లను) దాదాపు ఒకే సమయంలో మార్కెట్లోకి తెచ్చింది. ఒకటి జెడ్32 అని పిలిచే 300జెడ్ఎక్స్. దీనిని 1990 మోడల్‌గా అమెరికాలో అమ్మడం మొదలుపెట్టి 1996 వరకు అమ్మారు. రెండవది ఆర్32 స్కైలైన్ జీటీ-ఆర్. ఇది ప్రధానంగా జపాన్ కోసం తయారైన బండి, అమెరికా షోరూములకు ఎన్నడూ రాలేదు. జీటీ-ఆర్ లోనూ, 300జెడ్ఎక్స్ ట్విన్ టర్బో రకంలోనూ ఆరు సిలిండర్లు, జంట టర్బోలు, వెనుక చక్రాలను కూడా కొద్దిగా తిప్పే సూపర్ హైకాస్ అమరిక ఉన్నాయి. అమెరికాలో ఉంటున్న తెలుగువారిలో పాత జపాన్ కూపే మీద మనసుపడినవారు తరచుగా ఈ రెండింటి మధ్యే తర్జనభర్జన పడతారు.

వారికి దొరికే సలహా చాలావరకు ఒక్కటే: ఇక్కడ అమ్మిన బండికి విడిభాగాలు దొరుకుతాయి, మెకానిక్కులకు దాని సంగతి తెలుసు, కనుక 300జెడ్ఎక్స్ తీసుకుంటే నిశ్చింత, జీటీ-ఆర్ జోలికి పోతే తిప్పలు తప్పవు. ఈ సలహాలో సగమే నిజం ఉందని నా అభిప్రాయం. 30 ఏళ్లు దాటిన కారు విషయంలో కొన్న ధర కన్నా రెండు ప్రశ్నలు ముఖ్యం. చెడిపోయిన భాగం దగ్గరికి మెకానిక్ చెయ్యి సులువుగా వెళ్తుందా? ఆ భాగాన్ని ఇంకా ఎవరైనా తయారు చేస్తున్నారా? ఈ రెండు విషయాల్లోనూ దిగుమతి బండే మెరుగని దగ్గరగా చూసినవారికి అర్థమవుతుంది.

ముందుగా చట్టం సంగతి. అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారుకాని కారునైనా, తయారై 25 ఏళ్లు నిండితే దిగుమతి చేసుకోవచ్చు. ఈ లెక్క మోడల్ సంవత్సరాన్ని బట్టి కాక, తయారైన నెలను బట్టి చూస్తారు. పొగకు సంబంధించిన ఫెడరల్ నిబంధన 21 ఏళ్లకే సడలుతుంది కానీ, ఇంజను కంపెనీ ఇచ్చిన అమరికలోనే ఉండాలి. తొలి ఆర్32 జీటీ-ఆర్‌లకు 2014 ఆగస్టులో ఈ అర్హత వచ్చింది. ఉత్పత్తి 1994తో ముగిసింది కనుక ఇప్పుడు ఆర్32లన్నీ అర్హమైనవే. ఓడరేవులో నింపే హెచ్ఎస్-7 (భద్రత), 3520-1 (పొగ) ఫారాలు, కస్టమ్స్ పత్రం, జపాన్‌లో రిజిస్ట్రేషన్ రద్దు చేసి ఇచ్చిన ఎగుమతి ధ్రువపత్రం బండితో పాటు చేతికి రావాలి. ఇప్పటికే అమెరికాకు చేరిన బండిని కొంటున్నా సరే, టైటిల్ (యాజమాన్య పత్రం) చూసి తృప్తిపడకుండా ఈ కాగితాలన్నీ అడిగి తీసుకోవాలి. జపాన్ బళ్లకు ఇక్కడిలా 17 అక్షరాల నంబరు ఉండదు. జీటీ-ఆర్ ఛాసిస్ నంబరు బీఎన్ఆర్32 అని మొదలై చిన్నగా ముగుస్తుంది. బీమా వెబ్‌సైట్లు, రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటర్లు ఒక్కోసారి ఆ నంబరును తీసుకోవు కనుక, మనిషితో మాట్లాడి పని జరిపించుకునే ఓపిక ఉండాలి. 300జెడ్ఎక్స్‌కు ఈ బాధ ఏదీ లేదు.

కాలిఫోర్నియాలో ఉండేవారికి మాత్రం ఈ పోలిక ఇక్కడితోనే ముగుస్తుంది. అక్కడ 1976 నుంచి వచ్చిన పాత పెట్రోలు కార్లన్నిటికీ పొగ పరీక్ష ఉంటుంది, 25 ఏళ్ల దిగుమతి మినహాయింపు అక్కడి పొగ నిబంధనలకు వర్తించదు. జపాన్ నుంచి నేరుగా వచ్చిన కారును అక్కడి ప్రమాణాలకు అనుగుణంగా మార్పించి, ప్రయోగశాలలో పరీక్ష చేయించి నిరూపించాలి, అందుకు వేల డాలర్లు ఖర్చవుతుంది. పైగా ఆ రాష్ట్రంలో మామూలు బంకుల్లో దొరికే ప్రీమియం పెట్రోలు 91 ఆక్టేన్ మాత్రమే. జపాన్‌లోని ప్రీమియం పెట్రోలును దృష్టిలో పెట్టుకుని సర్దిన ఇంజనుకు అది చాలదు. కాబట్టి కాలిఫోర్నియాలో 300జెడ్ఎక్స్‌కే నా ఓటు. టెక్సాస్‌లో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ 93 ఆక్టేన్ విరివిగా దొరుకుతుంది, 24 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లకు పొగ పరీక్ష లేదు.

కొనేటప్పుడు జీటీ-ఆర్ విషయంలో మొదటి శత్రువు తుప్పు. జపాన్ వేలంశాలల్లో ప్రతి బండికీ తనిఖీ పత్రం ఒకటి రాస్తారు. బండి బొమ్మ మీద గీతకు ఒక గుర్తు, సొట్టకు ఒక గుర్తు, తుప్పుకు ఒక గుర్తు, మార్చిన రేకుకు ఒక గుర్తు వేసి, మొత్తానికి ఒక గ్రేడు ఇస్తారు. ఈ పత్రం ఎంతో విలువైనదే కానీ, అది రాసేవారు తివాచీలు, లైనింగులు అన్నీ విప్పి చూడరు. అందువల్ల బండి దగ్గరికి స్వయంగా వెళ్లగలిగితే డిక్కీలోని లైనింగ్ పూర్తిగా తీయించి, వెనుక షాక్ అబ్సార్బర్లు పైకి వచ్చి బిగిసే గూళ్ల అంచులను టార్చి వేసి చూడాలి. అక్కడ రేకుల అతుకు మీద పూసిన సీలెంట్ ఉబ్బి, వేలితో నొక్కితే పెళుసుగా పగిలితే, దాని కింద రేకు చాలాకాలంగా తినిపోతోందని అర్థం. ముందు గూళ్లు, జాకీ పెట్టే అంచులు, తలుపుల కింది సిల్స్ కూడా అలాగే చూడాలి. ఈ చోట్ల కొత్తగా నల్ల రంగు దట్టంగా కొట్టి ఉంటే ఆ బండి వదిలేయడమే మంచిది. ఇంజను ఎంత పాడైనా డబ్బు పెట్టి తిరిగి కట్టుకోవచ్చు కానీ, రేకు పోయిన ఆర్32ను నిలబెట్టడానికి అయ్యే ఖర్చుకు అంతు ఉండదు.

300జెడ్ఎక్స్‌లో తుప్పు సమస్య బండి ఏ రాష్ట్రంలో తిరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. టీ-టాప్ (పైకప్పు పలకలు ఊడదీయగలిగే అమరిక) ఉన్న బళ్లలో రబ్బరు సీళ్లు గట్టిపడి వాన నీరు లోపలికి కారుతుంది, సీటు కింద తివాచీ తడి తగిలితే సంగతి తెలిసిపోతుంది.

అసలు తేడా బానెట్ ఎత్తినప్పుడు కనబడుతుంది. జెడ్32లో మూడు లీటర్ల వీ6 ఇంజను, నాలుగు క్యామ్‌షాఫ్టులు, ఇరుపక్కలా చెరొక టర్బో, వాటి గొట్టాలు ఆ పొట్టి ముందుభాగంలో పానా పట్టడానికి కూడా సందు లేకుండా ఇరుక్కుని ఉంటాయి. మాన్యువల్ గేర్లున్న బండికి కంపెనీ చెప్పిన శక్తి 300 హార్స్‌పవర్. 1990లో అది ఆశ్చర్యపరిచే సంఖ్య. ఆ శక్తిని అంత చిన్న చోటులో అమర్చిన ఫలితాన్ని ఇప్పటి యజమానులు కూలీ రూపంలో చెల్లిస్తున్నారు. ఇంజెక్టర్లనే తీసుకుందాం. అమెరికా బంకుల్లోని మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఈ బండిలోని పాతరకం ఇంజెక్టర్లు దానికి తట్టుకోలేక లోపలి తీగచుట్టలు దెబ్బతిని ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. చచ్చిన ఒక్క ఇంజెక్టర్‌ను చేరాలన్నా ఇంజను మీద పరుచుకున్న ప్లీనం (సిలిండర్లకు గాలి పంచే పెట్టె) మొత్తం విప్పాలి. విప్పగానే దాని అడుగున ఉన్న కూలెంట్ గొట్టాలు, వాక్యూమ్ గొట్టాలు ఏళ్ల తరబడి వేడికి ఉడికి, ముట్టుకుంటే విరిగే స్థితిలో ఉంటాయి. మళ్లీ ఎవరు విప్పుతారులే అన్న జ్ఞానం ఉన్న మెకానిక్ ఎవరైనా ఆరు ఇంజెక్టర్లూ, గాస్కెట్లూ, గొట్టాలూ అన్నీ అప్పుడే మార్చమంటాడు, అది సరైన సలహా కూడా. టర్బోల దాకా వస్తే ఇంజను దించి చేయడమే మేలని అనుభవజ్ఞులు అంటారు. భాగాల బిల్లు చిన్నదే అయినా గంటల బిల్లు దానిని మింగేస్తుంది. దీనికి తోడు ఈ మోడల్‌కే ప్రత్యేకమైన చిన్నచిన్న ప్లాస్టిక్ భాగాలు, వైరింగ్ ముక్కలు కంపెనీ దగ్గర చాలావరకు ఆగిపోయాయి.

జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 ఇంజను 2,568 సీసీ, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి. టర్బోలు రెండూ ఒకే పక్కన, ఇగ్నిషన్ కాయిల్స్ పైమూత కింద, టైమింగ్ బెల్టు ఎదురుగా ఉంటుంది. రేడియేటర్, ఫ్యాన్ తీస్తే బెల్టు పనికి కావలసినంత చోటు దొరుకుతుంది. అంతా సులువేనని నేను అనడం లేదు. ఇన్‌టేక్ అడుగున ఉన్న గొట్టాలు ఇక్కడా సతాయిస్తాయి, సిలిండర్‌కు ఒకటి చొప్పున ఉన్న ఆరు థ్రాటిళ్లను సమం చేయడానికి చేయి తిరిగినవాడు కావాలి. అయినా పనికి పట్టే గంటలు మొత్తం మీద తక్కువ. భాగాల లభ్యతకు కారణం రేసింగ్. 1990 నుంచి 1993 వరకు ఈ కారు జపాన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లో 29 రేసుల్లో పాల్గొని 29 రేసులూ గెలిచింది, 1991, 1992లలో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లోనూ నెగ్గింది. ఆ కీర్తి వల్ల ఆర్‌బీ26 కోసం జపాన్‌లో, ఆస్ట్రేలియాలో ఒక పరిశ్రమే పుట్టింది. పిస్టన్ల నుంచి కాయిల్ సెట్ల వరకు ఈనాటికీ కొత్తవి తయారవుతూనే ఉన్నాయి. 2017 చివరలో నిస్సాన్ స్వయంగా తన రేసింగ్ విభాగమైన నిస్మో ద్వారా నిస్మో హెరిటేజ్ పేరుతో ఆర్32 భాగాల తయారీని తిరిగి మొదలుపెట్టింది. ధరలు తక్కువేమీ కావు కానీ, కావలసిన ముక్క అసలు లోకంలోనే లేదన్న నిస్సహాయత అరుదు.

అయితే జీటీ-ఆర్‌కు తనవైన బలహీనతలు ఉన్నాయి, వాటిని తేలికగా తీసుకోకూడదు. కంపెనీ టర్బోలలో ఎగ్జాస్ట్ వైపు చక్రం సెరామిక్. బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఒక బార్ దాటించి తోలితే ఆ చక్రం ఊడి ముక్కలయ్యే ప్రమాదం ఉంది, ముందటి యజమాని బూస్ట్ పెంచుకున్నాడేమో తెలుసుకోవడం అందుకే అవసరం. తొలి బళ్లలో క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ పంపును తిప్పే ముఖం ఇరుకు. ఇంజనును తరచు రెవ్ లిమిటర్ (ఇంజను వేగానికి పెట్టిన గరిష్ఠ హద్దు) మీద కొట్టించే డ్రైవర్ చేతిలో ఆయిల్ పంపు పళ్లచక్రం పగిలి ఇంజను మొత్తం పోతుంది. అటెసా అనే నాలుగు చక్రాల డ్రైవ్ హైడ్రాలిక్ ఒత్తిడితో పనిచేస్తుంది. దాని ద్రవాన్ని సరైన పద్ధతిలో మార్చాలి, నాలుగు టైర్ల చుట్టుకొలత ఒకటిగా ఉండాలి, బండి ఆగిపోతే నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి. టైమింగ్ బెల్టు విషయంలో మాత్రం రెండు బళ్లదీ ఒకే కథ: తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, మార్చలేదనే భావించి కొన్న వెంటనే వాటర్ పంపుతో సహా మార్చించుకోవాలి.

రోజువారీ వాడకంలో 300జెడ్ఎక్స్‌ది పైచేయి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, 1991 నుంచి డ్రైవర్‌కు ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. జీటీ-ఆర్‌లో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. మన ఊళ్లలో కారు నేర్చుకున్నవారికి ఆ సీటు కొత్త కాదు కానీ, రోడ్డుకు కుడివైపు నడిచే దేశంలో ముందున్న లారీని దాటాలన్నా, ఎదురు వాహనాల మధ్య నుంచి ఎడమకు తిరగాలన్నా చూపు అడ్డుపడుతుంది. టెక్సాస్ ఎండలకు ఏసీ అత్యవసరం. ఆర్32లో వాడినది పాతకాలపు ఆర్-12 వాయువు, కాబట్టి ఆర్-134ఏకు మార్చే ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. జెడ్32లో 1993 నడుమ నుంచి ఆ మార్పు కంపెనీయే చేసింది. మరోవైపు, అమెరికాలో అమ్మిన ట్విన్ టర్బో జెడ్‌లో రెండే సీట్లు ఉంటాయి, జీటీ-ఆర్‌లో ఇరుకైనా వెనుక సీటు ఒకటి ఉంది. హైకాస్ గొట్టాలు కారడం, వెనుక భాగం అటూ ఇటూ ఊగినట్టు అనిపించడం రెండింటికీ ఉన్న జబ్బే, చాలామంది ఆ అమరికను తీసేసి వెనుక చక్రాలు కదలకుండా ఒక కడ్డీ బిగిస్తారు.

ఈ బండిని ఎప్పటికైనా హైదరాబాదుకో విజయవాడకో తీసుకుపోదామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోవడం మంచిది. వాడిన కారు తయారై మూడేళ్లు మించకూడదన్నది భారత దిగుమతి విధానంలోని నియమం. ఈ వయసు బళ్లకు అందులో దారి లేదు.

ధరల్లో బాగున్న జీటీ-ఆర్, బాగున్న 300జెడ్ఎక్స్ ట్విన్ టర్బోకు ఇంచుమించు రెట్టింపు పలుకుతుంది. ఆ తేడా భరించగలిగి, కాలిఫోర్నియా బయట ఉండి, ఆర్‌బీ ఇంజను చూసిన మెకానిక్ అందుబాటు దూరంలో ఉన్నవారికి నేను సంకోచం లేకుండా జీటీ-ఆర్‌నే చెబుతాను. బీమాను మాత్రం విలువ ముందే ఒప్పందంలో రాసుకునే పద్ధతిలోనే చేయించాలి. సొంతంగా పానా పట్టగలిగి, శని, ఆదివారాలు ప్లీనం కింద గడపడాన్ని శ్రమగా భావించనివారికి 300జెడ్ఎక్స్ డబ్బుకు తగిన బండి. పని అంతా బయట చేయించుకునేవారు తక్కువ ధర చూసి ట్విన్ టర్బో జెడ్ కొనడమే నాకు అన్నిటికన్నా భయం కలిగించే ఎంపిక. వారికి టర్బో లేని జెడ్32 ఎంతో నయం, కొంత ఖాళీ ఉన్న ఆ ఇంజను చోటులో పని చేయడం మెకానిక్‌కు కూడా తేలిక.

జీటీ-ఆర్ ధర అందనివారు చూడదగినది ఇంకొకటి ఉంది: అదే ఆర్32 వంశానికి చెందిన జీటీఎస్-టీ టైప్ ఎమ్. రెండు లీటర్ల ఆర్‌బీ20 ఇంజనుకు ఒకే టర్బో, 215 పీఎస్ శక్తి, వెనుక చక్రాల డ్రైవ్. బరువు జీటీ-ఆర్ కన్నా బాగా తక్కువ, సెరామిక్ జంట టర్బోలు, అటెసా హైడ్రాలిక్స్ వంటి ఖరీదైన చిక్కులు లేవు. తుప్పు పరీక్ష, దిగుమతి కాగితాలు, కాలిఫోర్నియా అడ్డంకి మాత్రం దీనికీ తప్పవు. వీటిలో కొన్నిటికి జీటీ-ఆర్ బంపర్లు, ఫెండర్లు తగిలించి జీటీ-ఆర్ ధరకు అమ్మజూపేవారు ఉంటారు కనుక, బయటి రూపం ఎలా ఉన్నా, ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ) మీద చెక్కిన నంబరు హెచ్‌సీఆర్32తో మొదలైతే అది జీటీ-ఆర్ కాదని గుర్తించి, బేరం ఆ లెక్కనే ఆడాలి.