రోమ్‌లో మాకు అమ్మిన ఇంగ్లిష్ గైడ్: రెండు పేజీలు

రోమ్ బస్సు యాత్రకు మనిషికి 150 పోలిష్ జ్లోటీలు అదనంగా కట్టించుకుని మాకిచ్చిన "ఇంగ్లిష్ సౌకర్యం" ఏమిటో తెలుసా? రెండు పేజీల కాగితం. ఎడమవైపు ఇంగ్లిష్ మాటలు, కుడివైపు వాటికి పోలిష్ అర్థాలు. రోమన్ చరిత్ర ఒక పేజీ, కాథలిక్ మతం ఒక పేజీ. బస్సెక్కగానే చేతిలో పెట్టి, గైడమ్మ పోలిష్‌లో మొదలుపెట్టి ఐదు రోజులూ పోలిష్‌లోనే మాట్లాడింది.

మేముండేది పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో. అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. అమ్మది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదలలో లూర్దు మాత తిరనాళ్ళకు వెళ్ళకపోతే ఆ సంవత్సరం సంవత్సరమే కాదు. 1986లో పోప్ రెండో జాన్ పాల్ మద్రాసు వచ్చినప్పుడు రైల్లో నిలబడి వెళ్ళి, జనంలోంచి దూరంగా తెల్ల అంగీని చూసి వచ్చింది. 2025లో కాథలిక్కుల పవిత్ర సంవత్సరం జూబిలీ కూడా కలిసొచ్చింది, ఆ అక్టోబరులో ఒక ట్రావెల్ ఏజెన్సీ బస్సు యాత్ర బుక్ చేశాం. తలకు 1,890 జ్లోటీలు, పైన ఇంగ్లిష్‌కి 150. ముగ్గురికి 6,120. జ్లోటీ అప్పట్లో సుమారు 24 రూపాయలు, మీరే లెక్కేసుకోండి. మా ఆయన ఆ లెక్క ఐదు రోజులూ వేస్తూనే ఉన్నాడు.

ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. ఇరవై గంటలు పైన పట్టింది, మోకాళ్ళు పట్టేశాయి, ఆస్ట్రియా నిద్రలో దాటిపోయింది.

రోమ్‌లో మొదటి పొద్దున అందరి మెడలో ఒక చిన్న రేడియో, చెవిలో ఒక ఇయర్‌ఫోను పెట్టారు. ఒకటో ఛానెల్ పోలిష్, రెండోది ఇంగ్లిష్ అన్నారు. రెండు నొక్కితే గుర్రుమని శబ్దం. మా ఆయన దాన్నే పది నిమిషాలు శ్రద్ధగా విన్నాడు, ఇప్పుడో ఇంకాసేపటికో ఎవరైనా మాట్లాడతారని. చివరికి గైడమ్మను అడిగితే ఆ కాగితం వైపు వేలు చూపించింది. "మాట వినపడగానే అందులో చూసుకోండి" అని సలహా. కొలోసియం ఎండలో నడుస్తూ, చెవిలో పోలిష్ వరద పారుతుంటే, కాగితంలో మాట వెతుక్కోవాలట!

పోనీ ఆ కాగితమైనా సరైనదా అంటే అదీ కాదు. ఎవరో కంప్యూటర్‌లో వేసి అచ్చుతీసేశారు. ఈ సంగతి బయటపెట్టింది మా వెనక సీట్లో కూర్చున్న రిటైర్డ్ టీచరమ్మ. అమ్మ ఆవిడను మొదటి గంటలోనే "వదినగారూ" అనేసింది, ఆవిడకు తెలుగు రాదన్న విషయం పట్టించుకోకుండా. వదినగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివి, బస్సంతా తిరిగి చూసేలా నవ్వింది. "మాస్" అన్నచోట "మాసా" అని రాశారట. అది కిలోల్లో తూచే బరువు. చర్చిలో జరిగే పూజను "మ్షా" అనాలి. సన్యాసుల సంఘాన్ని చెప్పే "ఆర్డర్"కి "జామువియెన్యె" అని ఉంది, అంటే హోటల్లో ఇచ్చే ఆర్డరు. అసలు మాట "జాకోన్". పోపు ముద్రవేసి ఇచ్చే శాసనాన్ని "బుల్" అంటారు కదా, దానికి "బిక్" అని రాసి ఉంది. బిక్ అంటే ఎద్దు. మా ఆయన 450 జ్లోటీల బాధంతా మర్చిపోయి మొదటిసారి నవ్వింది ఈ ఎద్దు దగ్గరే.

ఆవిడ పెన్ను తీసుకుని తప్పులు దిద్దడం మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి మా యాత్ర మారిపోయింది. నా పోలిష్ కూరగాయల మార్కెట్ దాకానే, ఆవిడ ఇంగ్లిష్ కూడా అంతే. అయినా నడిచింది. చక్రవర్తిని పోలిష్‌లో "ట్సెసాష్" అంటారు, అది సీజరే. చర్చిని "కొష్చూవ్" అంటారు. దాని మూలం లాటిన్‌లో కోటకు వాడే "కాస్టెల్లుమ్", చెక్ భాష మీదుగా వచ్చిందట. రోమన్ సైనికుల కోట పోలండ్ చేరేసరికి గుడి అయిందన్నమాట. ఇటలీని మాత్రం "వ్వోహి" అంటారు. అది ఇటలీ అని కనిపెట్టడానికి నాకు పోలండ్‌లో మూడు నెలలు పట్టింది. పోపును "పాపియెష్" అంటారని చెప్పగానే అమ్మ, "మా పెద్దవాళ్ళూ పాపుగారనే అనేవాళ్ళు, పోపంటే తిరగమోత కదా" అంది. ఇది వదినగారికి అనువదించడానికి నాకు పావుగంట పట్టింది.

అన్నిటికన్నా నాకు నచ్చిన మాట "ఒద్‌పుస్త్". కాగితంలో "ఇండల్జెన్స్" పక్కన ఉంది, ఇదొక్కటి సరిగ్గానే రాశారు. పాపానికి పడాల్సిన శిక్షను తగ్గించడం అని అర్థం. కానీ పోలండ్ పల్లెల్లో ఒద్‌పుస్త్ అంటే చర్చి పండగ కూడా: రంగుల బొమ్మలు, మిఠాయి కొట్లు, జనం. అమ్మకు వెంటనే అర్థమైంది. "గుణదల తిరనాళ్ళు" అంది. దీనికి నా అనువాదం అవసరం పడలేదు.

సెయింట్ పీటర్స్ చర్చి చేరింది రెండో రోజు. జూబిలీ యాత్రికుల గుంపులు ముందుగా పేరు నమోదు చేసుకుని, చెక్క శిలువ పట్టుకుని, వయా దెల్లా కొంచిలియాత్సియోనే వీధి మీదుగా ప్రార్థిస్తూ నడిచేవి. దీనికి డబ్బు కట్టక్కర్లేకపోయింది. మా గుంపులో శిలువ చేతులు మారుతూ వెళ్ళింది. సగం దారిలో వదినగారు దాన్ని అమ్మ చేతికిచ్చింది. అమ్మ చెప్పులు విప్పబోతే నేనే ఆపాను. పవిత్ర ద్వారాన్ని పోలిష్‌లో "జ్వి ష్వియెంతె" అంటారు. తలుపుకు వాళ్ళ భాషలో ఏకవచనమే లేదట, మనం "తలుపులు తియ్యి" అన్నట్టే. పోప్ ఫ్రాన్సిస్ 2024 డిసెంబరు 24న తెరిచిన ద్వారం అది. మామూలుగా పాతికేళ్ళకోసారి తెరుస్తారు. మా ఆయన "ఉత్తర ద్వార దర్శనం లాంటిది" అని తనకు తాను సర్దిచెప్పుకుని లోపలికి నడిచాడు. అమ్మ తలుపు అంచు మీద చెయ్యి ఆనించి కాసేపు కదల్లేదు. వెనక జనం ఆగారు, ఎవరూ విసుక్కోలేదు.

లోపల చెవిలో గైడమ్మ గొంతు "గ్రుప్, గ్రుప్" అంటోంది. మా ఆయన గ్రూపు ఎటో పోతోందనుకుని పరుగు తీసి వేరే గుంపులో కలిసిపోయాడు. "గ్రుప్" అంటే సమాధి. ఆవిడ చూపిస్తున్నది జాన్ పాల్ సమాధి, ఏసును ఒళ్ళో పెట్టుకున్న మరియమ్మ శిల్పం పియెతా పక్క గదిలోనే. పోలిష్ వాళ్ళంతా మోకాళ్ళ మీద ఉన్నారు. ప్రతి గురువారం పొద్దున్నే అక్కడ పోలిష్‌లో పూజ జరుగుతుంది, మీ రోజు కుదిరితే వెళ్ళండి. అమ్మ "మద్రాసులో ఇంత దగ్గరగా చూళ్ళేదు" అంది.

మిగతా చోట్ల గురించి కొంచెం. హోటలు "రోమ్‌లో" అన్నమాట నిజమే, నగరం పొలిమేర కూడా రోమే కదా. నగరపు పన్ను ప్యాకేజీలో లేదు. మనిషికి రాత్రికి 6 యూరోలు, మూడు రాత్రులకు మా ముగ్గురికి 54, అదీ నగదే ఇవ్వమన్నారు. బుక్ చేసేముందే అడగండి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే 1.20, అదే కొట్లో కుర్చీలో కూర్చున్నందుకు మా ఆయన దగ్గర 4 వసూలు చేశారు. సుప్లీ అనే అన్నం ఉండలు తప్పక తినండి. లోపల చీజ్ పెట్టి వేయిస్తారు, 2 యూరోలు. అమ్మ దానికి పప్పులపొడి అద్దుకుని తింది. నీళ్ళ సీసాలు కొనకండి, వీధి కొళాయిల నీళ్ళు చల్లగా, ఉచితంగా వస్తాయి. పాంథియన్ అనే పాత రోమన్ గుడికి 2025లో 5 యూరోలు తీసుకున్నారు, ఇవ్వొచ్చు. ఫ్రాన్సిస్ సమాధి శాంతా మరియా మజ్జోరే బసిలికాలో ఉంది, రాతి మీద "ఫ్రాన్సిస్కుస్" అన్న పేరొక్కటే. నాకు అన్నిటికంటే అదే నచ్చింది.

తిరిగొచ్చాక ఏజెన్సీకి ఘాటుగా ఈమెయిల్ పెట్టాను: ఇంగ్లిష్ గైడ్ లేడు, రేడియోలో గుర్రు, కాగితంలో ఎద్దు. వారానికి జవాబొచ్చింది, పోలిష్‌లో. "భాషా సామగ్రి అందజేశాం" అట. డబ్బు వాపసు ఇవ్వరట, కానీ వచ్చే మే నెల ఫ్రాన్స్‌లోని లూర్దు యాత్రలో మాకు ఐదు శాతం తగ్గిస్తారట. మా ఆయన చదివి బల్ల మీద చరిచాడు. వదినగారు దిద్దిన కాగితాన్ని బైబిల్లో పెట్టుకుంటున్న అమ్మ తలెత్తింది.

"లూర్దుకా? మన గుణదల మాత ఊరికా? వదినగారు కూడా వస్తారేమో కనుక్కో."