మహబూబ్‌నగర్‌లో సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ: మా పాపకు 48 సెషన్లు చేయించాక రాస్తున్నది

మాది జడ్చర్ల. ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మా పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, అని తేలాక మహబూబ్‌నగర్‌లో ఒక సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ (ఊగడం, గెంతడం, తాకడం లాంటి ఆటలతో ఒంటిని, ఇంద్రియాలను కుదుటపరిచే థెరపీ) సెంటర్‌కు జులై నుంచి నవంబర్ దాకా, దసరా సెలవులు పోను, వారానికి మూడు రోజులు తీసుకెళ్లాను. సెషన్‌కు 700, నలభై ఐదు నిమిషాలు. 24 సెషన్ల ప్యాకేజీ పైసలు ముందే కట్టాలి. రెండు ప్యాకేజీలకు 33,600 అయింది. బస్సు ఆడవాళ్లకు ఫ్రీ కాబట్టి ఆ ఖర్చు లేదు కానీ, పెళ్లిళ్ల సీజన్‌లో సాయంత్రాలు మిషన్ మీద కూర్చోలేక వాపసు ఇచ్చిన బట్టలు చాలా ఉన్నాయి. సెంటర్ పేరు రాయను. అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లు.

బాగున్నవి ముందు చెప్తాను. మేడ మీద పెద్ద హాలు, నేలంతా మెత్తటి మ్యాట్లు, సీలింగ్‌కు వేలాడదీసిన చెక్క ఉయ్యాల, బంతుల తొట్టి, ట్రాంపోలిన్, నిలబడితే అటూ ఇటూ ఊగే బోర్డు. శుభ్రంగా ఉంటుంది. థెరపిస్ట్ అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తయారుచేసే వైద్యం) చదువుకున్నది, ఓపిక చాలా. ఐదు నెలల్లో ఒక్కసారి గొంతు పెంచగా వినలేదు. బడిలో రోజూ "మొద్దు" అనిపించుకుని వచ్చే పిల్లకు అదెంత పెద్ద విషయమో నాకు తెలుసు. సెంటర్‌కు పోయే రోజు మా పాప పొద్దున్నే తయారయ్యేది. ఇదివరకు మెట్లు దిగాలంటే గోడ పట్టుకునేది, ఇప్పుడు పట్టుకోదు. యూనిఫాం గుండీలు తనే పెట్టుకుంటుంది. పెన్సిల్‌ను పిడికిలితో పట్టేది, ఇప్పుడు మూడు వేళ్లతో పడుతుంది. మా టైంలోనే వచ్చే ఆటిజం ఉన్న ఒక బాబు మొదట్లో మిక్సీ చప్పుడు వింటే చెవులు మూసుకుని గోడకు అంటుకుపోయేవాడు. నవంబర్‌కు వాళ్లమ్మ పక్కనే కూర్చుంటే ఓర్చుకుంటున్నాడు. ఆ తల్లికి ఆ పైసలు దండగ కాలేదు.

కానీ నేను పోయింది చదువు కోసం. మొదటి రోజు మేనేజర్ నాతో అన్న మాట ఇది: "బాడీ సెట్ అయితే బ్రెయిన్ సెట్ అయితది అక్కా. నాలుగైదు నెలల్లో చదువు దానంతట అదే వస్తది." వాళ్లిచ్చిన కాగితం మీద కూడా డిస్లెక్సియా పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ మాట నమ్మే కట్టాను.

ఉయ్యాల మీద ఒక ఆట ఆడించేవాళ్లు. పాప బోర్లా పడుకుని ఊగుతుంటుంది. కింద గింజలు నింపిన చిన్న గుడ్డ సంచులు, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. థెరపిస్ట్ "మ" అంటే ఊగుతూనే ఆ సంచి అందుకుని బకెట్‌లో వేయాలి. రెండో నెలకల్లా పదికి పది వేసేది. అద్దం తలుపు ఇవతల నిలబడి చూసి ఎంత సంబరపడ్డానో. ఇంటికొచ్చి పలక మీద మ, వ, ప రాసి అడిగితే మాత్రం నా మొహం వైపు చూసేది. గుడ్డతో బతికేదాన్ని కదా, నాకు ఆ సంచుల మీదే అనుమానం వచ్చింది. మ ఎర్రది, వ పచ్చది, ప నీలం. ఎప్పుడూ అవే. ఆ రాత్రి మిగిలిన తెల్ల లైనింగ్ గుడ్డతో ఆరు సంచులు కుట్టి, అన్నిటి మీదా నల్లదారంతోనే అక్షరాలు వేసి తీసుకెళ్లాను. థెరపిస్ట్ కాదనలేదు, వాటితోనే ఆడించింది. "మ" అంది. పాప చేయి గాల్లోనే ఆగింది. ఉయ్యాల రెండుసార్లు అటూ ఇటూ పోయింది. "వ" సంచి తీసి, బకెట్‌లో వేయకుండా పట్టుకుని నా దిక్కు చూసింది.

జులైలో రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేజీ చదివించి ఫోన్‌లో టైం పెట్టి రాసుకున్నాను, నిమిషానికి 11 పదాలు. నవంబర్‌లో అదే పేజీ 12. రిపోర్ట్ అడిగితే కుదురుగా కూర్చోవడం, బ్యాలెన్స్, చూపు కలపడం అన్నీ మెరుగు అని రాసిచ్చారు. చదవడం గురించి ఒక్క లైన్ లేదు. అదేంటని అడిగితే మూడో ప్యాకేజీ తీసుకోమన్నారు.

అప్పుడు హైదరాబాద్‌లో పాపకు పరీక్షలు చేసిన సైకాలజిస్ట్ మేడం దగ్గరకు మళ్లీ పోయాను. నిజానికి కట్టకముందే పోవాల్సింది. ఆమె విడమరిచి చెప్పింది. ఈ థెరపీకి పునాది వేసింది అమెరికాలో జీన్ ఏర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. 1972లో ఆమె రాసిన పుస్తకం చదువులో ఇబ్బంది పడే పిల్లల గురించే. అందుకే ఇప్పటికీ ఇలాంటి సెంటర్ల కాగితాల మీద డిస్లెక్సియా కనిపిస్తుంది. కానీ ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో డిస్లెక్సియాకు మూలం ఒంటి బ్యాలెన్స్‌లో కాదు, మాటలోని శబ్దాలను విడదీసి అక్షరంతో జత చేయడంలో ఉన్న ఇబ్బందిలో కనబడింది. తెలివి తక్కువ కాదు, కంటి జబ్బు కాదు. సెన్సరీ థెరపీల గురించి అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2012లోనే చెప్పిందట: మొత్తం వైద్యంలో ఒక భాగంగా పెట్టుకోవచ్చు, కానీ ఆధారాలు పరిమితం, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలి, గుణం కనిపిస్తోందో లేదో చూసుకుంటూ ఉండాలి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నా కోపమంతా అక్కడే.

ఇంకో ముక్క చెప్పింది, అది ప్రతి తల్లీ తెలుసుకోవాలి. "మల్టీసెన్సరీ" అని చదువు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. 1930లలో అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ అనే డాక్టర్, అన్నా గిల్లింగ్‌హామ్ అనే టీచర్ పని మొదలుపెట్టిన దారి అది. అక్షరాన్ని చూస్తూ, దాని శబ్దం పలుకుతూ, వేలితో ఇసుకలో దిద్దుతూ, ఒక వరసలో నేర్పుతారు. అందులో పాఠం శబ్దం, అక్షరమే. ఉయ్యాలలో పాఠం ఊగడం. రెండింటి పేర్లలో "సెన్సరీ" ఉంది కాబట్టి ఒకటే అనుకుని మోసపోయేది మనలాంటి వాళ్లమే.

ఆ మేడం చెప్పిన స్పెషల్ ఎడ్యుకేటర్‌తో, అంటే ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు చదువు చెప్పే టీచర్‌తో, డిసెంబర్ నుంచి ఫోన్ వీడియోలో చెప్పిస్తున్నాను. వారానికి మూడు రోజులు, గంటకు 400. పరికరాలేమీ లేవు, నా గుండీల డబ్బా చాలు. టీచర్ "పలక" అంటుంది. పాప మూడు గుండీలు వరసగా పెట్టి ఒక్కోదాన్ని తాకుతూ ప, ల, క అంటుంది. "నడిమిది తీసెయ్, ఏం మిగిలింది?" మొదటి వారమంతా దీనికే తల పట్టుకుంది. పదో రోజు "పక!" అని అరిచి నవ్వింది. "అమ్మ"ను ఎప్పుడూ "అమ" అని రాసేది. ఒత్తు మర్చిపోతోందని నేను ఎన్నిసార్లు మొట్టానో, చెప్పుకోవాలంటే కడుపు తరుక్కుపోతుంది. మర్చిపోవడం కాదట, నడుమ ఉన్న ఆ "మ్" తనకు విడిగా వినపడటమే లేదట. ఇప్పుడు దానికి ఒక చిన్న చొక్కా గుండీ పెడుతుంది. మార్చి చివరికి అదే పేజీ నిమిషానికి 27 పదాలు.

కాబట్టి నా రేటింగ్: గుండీలు, పెన్సిల్, మెట్లు, చప్పుళ్లంటే భయం, వీటికి ఆ సెంటర్‌కు ఐదుకు నాలుగు. చదువుకు సున్నా. మీ పిల్లకు రెండు ఇబ్బందులూ ఉంటే రెండూ చేయించండి, కానీ ఒకదాని పైసలు ఇంకోదానికి కట్టకండి. ప్యాకేజీ కట్టేముందు కళ్లు, చెవులు చూపించండి, సైకాలజిస్ట్‌తో పూర్తి పరీక్ష చేయించండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు తయారుచేసిన పరీక్ష ఒకటుంది, అది పెడతారా అని అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో డిస్లెక్సియా కూడా వస్తుంది. ఎనిమిదేళ్లు నిండితే వైకల్య సర్టిఫికెట్‌కు పోవచ్చు. సీబీఎస్ఈ బడిలో చదివే పిల్లలకు దాంతో బోర్డు పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. సెంటర్ వాళ్లు ఈ కాగితాల సంగతి ఒక్కటీ ఎత్తలేదు.

మొన్న ఆదివారం ఒకామె బ్లౌజు కొలతలిస్తుంటే కొలతల పుస్తకం పాప చేతికిచ్చాను. నేను చెప్తుంటే రాసింది: నడుము, చేయి, మెడ, బుజం. భుజానికి ఒత్తు లేదు. తర్వాత నేను గుడ్డ కత్తిరిస్తుంటే తను రాసిన నాలుగూ తనే చదివి చెప్పింది.