లిచీ 'అంటు' మొక్కలు కొంటున్నారా? డబ్బు కట్టకముందే కవరు కోయించండి

మిద్దెతోట మిత్రులారా, లిచీ అంటు మొక్కలంటూ అమ్ముతున్న ఆ నర్సరీ ఆయనకి ఇంకా అడ్వాన్సు కట్టనివాళ్లు ఆగండి. కట్టేసినవాళ్లు ఈ రాత్రికే మొక్క మొదలు చూసుకోండి. ఎవరాయన అని అడక్కండి, రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఎర్రటి లిచీ గుత్తుల ఫొటో పంపేది ఒక్కడేగా. ఊటీలో మా బావ అద్దాల షెడ్డు కోసం ఆరు 'షాహీ గాలి అంట్లు' (షాహీ అంటే లిచీలో ఒక రకం), ఒక్కోటి 1,800. మూడో ఏడు కాపు గ్యారంటీ అట. మొత్తం 10,800 ముందే కట్టించుకున్నాడు. ఫోన్లో డబ్బు పడ్డ చప్పుడు వినేదాకా ఎంత మర్యాదో!

మొక్క మొదట్లో జానెడు ఎత్తున తెల్ల టేపు చుట్టి ఉంది. "ఇదే సార్ అంటు కట్టిన చోటు" అని వేలు పెట్టి మరీ చూపించాడు. అనుమానం వచ్చింది అక్కడే. లిచీని సాధారణంగా మామిడిలా కోసి అతికించరు, గాలి అంటు కడతారు. చెట్టు మీదే పెన్సిల్ మందం కొమ్మకి అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా తీసేసి, తడి నాచు పెట్టి, పైన పాలిథిన్ బిగించి కడతారు. రెండు నెలలు అటూ ఇటూగా వేరు పోశాక కోసి కవర్లో నాటతారు. అందుకే అసలైన అంటుకి తల్లివేరు ఉండదు. బెరడు తీసిన చోటు అంచు నుంచే పీచువేళ్లు గుత్తుగా దిగుతాయి, మధ్యలో పాత నాచు ముద్ద ఇంకా కనిపిస్తుంది. కాండం పెద్ద చెట్టు కొమ్మది కాబట్టి మొక్క చిన్నదైనా బెరడు ముదురుగా, కాస్త వంకరగా, పక్క రెమ్మలతో ఉంటుంది.

టేపు విప్పాను. కోత లేదు, అతుకు లేదు, బుడిపె లేదు. గీత కూడా పడని నున్నటి కాండం. కవరు అడుగు కోస్తే తల్లివేరు తిన్నగా దిగి, అడుగున రెండు చుట్లు తిరిగి ఉంది. ఆరింటికీ అంతే. లిచీ గింజ పండులోంచి తీసిన నాలుగైదు రోజులకే మొలకశక్తి పోగొట్టుకుంటుంది. అంటే మే నెలాఖరుకి మన విజయవాడ బీసెంట్ రోడ్డు బండ్ల మీదకి దిగిన పళ్లు తిని, గింజలు అప్పటికప్పుడే కవర్లలో గుచ్చి ఉంటారు. ఇలాంటి విత్తనం మొక్క కాపుకి రావాలంటే పదేళ్లు, ఒక్కోసారి పదిహేనేళ్లు. వచ్చినా అది షాహీ పండే అవ్వాలని లేదు. గాలి అంటైతే మూడు నుంచి ఐదేళ్లు.

వేరు ఆయన బల్ల మీదే పెట్టి అడిగాను. "విత్తనం మొక్కైతే ఏంటండీ, ఇంకా గట్టిగా ఉంటుంది." మరి టేపు? "అది సపోర్టుకి." ఇందాక అంటు కట్టిన చోటు, ఇప్పుడు సపోర్టు! డబ్బు వెనక్కి ఇమ్మంటే, పక్కన బేరమాడుతున్న వాళ్లందరికీ వినపడేలా, "లిచీలు తినాలనుంటే రైతుబజారుకెళ్లి అరకిలో కొనుక్కోండి సార్, మొక్కలెందుకు మీకు?" అన్నాడు. కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. 10,800 నొక్కేసి పైగా పొదుపు సలహా ఉచితం. ఒళ్లు మండింది ఆ మాటకే.

ఇవి చాలనట్టు రెండు మొక్కల ఆకుల అడుగున ముదురు గోధుమరంగు మఖమల్ గుడ్డ అతికించినట్టు ఉంది. "ముదురాకు సార్" అన్నాడు. ముదురాకు కాదు, ఎరినోస్ నల్లి. పురుగు కంటికి ఆనదు, అది రసం పీల్చిన చోట ఆకు పైకి ఉబ్బి, ముడుచుకుని, అడుగున ఈ నూగు పెరుగుతుంది. ఇలాంటి మొక్క ఒక్కటి అద్దాల షెడ్డులో చేరితే మిగతావాటికీ పాకుతుంది. పట్టిన రెమ్మలు కత్తిరించి కాల్చేయాలి. కొత్త చిగురు మీద నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు సాయంత్రం పూట కొట్టాలి. ఎండ మండే రోజుల్లో కొడితే ఆకే మాడుతుంది.

ఇంకోటి. ఇదే మనిషి గుంటూరు వాళ్లకి 'డాబా మీద గ్లాస్‌రూమ్ లిచీ' అని కిట్టు కూడా అంటగడుతున్నాడు, విదేశీ వీడియోలు చూపించి. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో 19వ శతాబ్దం మొదట్లోనే లిచీని అద్దాల కింద పెట్టిన మాట నిజమే. అక్కడ అద్దం ఉన్నది మంచు కొట్టకుండా. లిచీ పూయాలంటే చిగురు ముదిరి నిలిచిన కొమ్మకి వారాల తరబడి రాత్రిళ్లు 15 డిగ్రీల లోపు చలి తగలాలి. సంక్రాంతికి కూడా మన రాత్రులు మామూలుగా 18, 19 దగ్గరే ఆగిపోతాయి. దాని మీద అద్దం మూస్తే ఆ కాస్త చలీ పోయి, పూత రావాల్సిన చోట ఆకు చిగురిస్తుంది. మేలో బయటే 44 ఉంటే లోపల ఏమవుతుందో చెప్పాలా? మన బోరు నీళ్ల ఉప్పుకి ఆకు కొనలు మాడటం దీనికి అదనం.

ఊటీ లాంటి చోట లెక్క వేరు. 60 లీటర్లకి తగ్గని కుండీ, నీళ్లు నిలవని కాస్త ఆమ్ల మట్టి, పీహెచ్ 5.5 నుంచి 6.5. అక్టోబరు నుంచి నత్రజని ఆపేసి నీళ్లు తగ్గించాలి, లేకపోతే చలికాలంలో చిగురేసి పూత పోగొడుతుంది. హీటరు ఉన్నది మంచు కొట్టకుండా మాత్రమే, 5 డిగ్రీలకి పడిపోతే ఆన్ అయ్యేలా పెడితే చాలు. పగలు ఎండ కాసినప్పుడు పై కిటికీలు తెరవడం మర్చిపోతే మధ్యాహ్నానికి షెడ్డు వేడెక్కి, రాత్రి పడ్డ చలి వృథా. పూగుత్తి కనిపించాకే వెచ్చదనం, పూర్తి నీళ్లు. ఒకే గుత్తిలో మగపూలు, ఆడపూలు విడతలుగా విచ్చుకుంటాయి. మూసిన షెడ్డులోకి తేనెటీగ రాదు కాబట్టి పూత ఉన్నన్నాళ్లూ తలుపులు తెరవాలి, లేదా మెత్తటి బ్రష్ రోజూ తిప్పాలి. ఒక్కరోజు తిప్పి ఊరుకుంటే పిందె పడదు.

కొనేవాళ్లు ముందు ఒక్క కవరైనా అడుగున రెండంగుళాలు కోయించి చూడండి. "మొక్క చచ్చిపోద్ది" అంటాడు. చావదు, చూసి మళ్లీ టేపు వేసెయ్యొచ్చు, టేపు ఆయన దగ్గర బోలెడుంది. పండ్ల నర్సరీకి ఉద్యాన శాఖ లైసెన్సు ఉందో లేదో అడగండి. బిల్లులో 'గాలి అంటు, షాహీ' అని రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబితే ముందు అడిగేది బిల్లే. మాకు బిల్లని ఇచ్చింది ఆయన విజిటింగ్ కార్డు.