కొండ కింద సరిహద్దు: హాలైన్, బెర్క్‌టెస్‌గాడెన్ ఉప్పుగనులు

మాది చినగంజాం. ఉప్పంటే మాకు సముద్రపు నీరు, మళ్లు, మండే ఎండ. అదే ఉప్పును ఆల్ప్స్ కొండల కడుపులోంచి, చీకట్లో, చలిలో రెండున్నర వేల ఏళ్ల కిందటే కెల్టులు అనే ప్రాచీన ఐరోపా జనం తవ్వారని తెలిసినప్పటి నుంచి ఆ చోటు చూడాలని ఉండేది. గనిలో నడుస్తూనే ఆస్ట్రియా నుంచి జర్మనీలోకి వెళ్లిరావచ్చని విన్నాక ఇక ఆగలేదు.

ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి ఆ గని ఉన్న హాలైన్‌కు రైల్లో ఇరవై నిమిషాలు. స్టేషన్ నుంచి బాడ్ డ్యూర్న్‌బెర్గ్ కొండ మీదికి బస్సుంది. బట్టల మీద వేసుకోవడానికి తెల్లటి దుస్తులు ఇచ్చి, చిన్న రైలు మీద ఇటొక కాలు అటొక కాలు వేసి కూర్చోబెడతారు. బయట ఎంత ఎండ ఉన్నా లోపల పది డిగ్రీలే. స్వెట్టర్ తప్పనిసరి.

రైలు దిగి సొరంగంలో కాసేపు నడిచాక గోడ మీద సరిహద్దు గుర్తు కనిపించింది. కంచె లేదు, కాపలా లేదు. మా వెనక ఆస్ట్రియా, ముందు జర్మనీ. అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. వీసా కోసం ఎన్ని కాగితాలు, ఎన్ని వరుసలు! ఇక్కడ మాత్రం ఒక్క అడుగు.

ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. ఉప్పు కోసం సాల్జ్‌బర్గ్‌ను ఏలిన ఆర్చిబిషప్పులకూ పక్కనే ఉన్న బెర్క్‌టెస్‌గాడెన్ మఠానికీ శతాబ్దాల పాటు తగవు నడిచింది. నెపోలియన్ యుద్ధాల తర్వాత సాల్జ్‌బర్గ్ ఆస్ట్రియాకు, బెర్క్‌టెస్‌గాడెన్ ఇప్పుడు జర్మనీలో భాగమైన బవేరియాకు దక్కాయి. కొండ లోపలి ఉప్పు పొరకు ఆ గీతతో పనేముంది? అది అటూ ఇటూ పరుచుకునే ఉంది. చివరకు 1829లో ఒప్పందం కుదిరింది. ఆస్ట్రియా వారు భూగర్భంలో సరిహద్దు దాటి సుమారు కిలోమీటరు వరకు తవ్వుకోవచ్చు. బదులుగా ఆస్ట్రియా నేల మీది కొన్ని అడవులపై బవేరియాకు హక్కు. ఉప్పునీటిని మరిగించడానికి కట్టెలు కావాలి కదా! ఒకరికి ఉప్పు, ఒకరికి కట్టె. 1957లో సవరించారు కానీ ఒప్పందం ఇప్పటికీ అమల్లోనే ఉంది. నేను చూసిన ఏ కోటా, ఏ చర్చీ నన్ను ఇంతగా కదిలించలేదు.

కింది అంతస్తుకు చెక్క జారుడుబల్లల మీద దిగాలి. పెద్దది 42 మీటర్లు. భయపడేవారికి పక్కనే మెట్లున్నాయి. మా అత్తయ్య మెట్లే దిగారు, ఇబ్బంది పడలేదు. తర్వాత ఉప్పునీటి సరస్సు మీద తెప్ప ప్రయాణం.

హాలైన్‌లో ఉప్పు తీయడం 1989లో ఆగిపోయింది. పనిచేస్తున్న గని చూడాలంటే సరిహద్దుకు అవతల, 1517లో మొదలైన బెర్క్‌టెస్‌గాడెన్‌కు వెళ్లాలి. సాల్జ్‌బర్గ్ నుంచి నేరుగా బస్సుంది. రాతిలోకి మంచినీరు వదిలి, ఉప్పు కరిగాక ఆ నీటిని పైకి తోడి, గొట్టాల ద్వారా బాడ్ రైకెన్‌హాల్‌కు పంపి అక్కడ మరిగిస్తారు. ఈ పద్ధతి అర్థం కావాలంటే బెర్క్‌టెస్‌గాడెనే మేలు. అక్కడా రైలు, జారుడుబల్లలు, సరస్సు ఉన్నాయి. దీపాల ఏర్పాటూ బాగుంది. అయినా ఒక్కదానికే సమయముంటే హాలైన్‌కే వెళ్లండి. ఆ గీత అక్కడే ఉంది. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి. 2015 నుంచి జర్మనీ ఆస్ట్రియా సరిహద్దులో తనిఖీలు చేస్తోంది.

బస హాలైన్ పాత పట్టణంలో తీసుకున్నాం. సాల్జ్‌బర్గ్ కన్నా ప్రశాంతం. గది శుభ్రంగానే ఉంది కానీ లిఫ్టు లేదన్న సంగతి ముందు చెప్పలేదు. పెట్టెలతో మూడంతస్తులు ఎక్కాం. పెద్దవాళ్లతో వెళ్లేవారు ముందే అడగాలి. శాకాహారులకు కాస్‌నోకెన్ అనే చీజ్ వంటకం దొరుకుతుంది. వేయించిన ఉల్లిపాయలతో వేడివేడిగా చాలా రుచి. అయితే ఒక్క పళ్లెం ఇద్దరికి సరిపోతుంది.

ఒప్పందంలో బవేరియాకు దక్కిన ఆ అడవులు లోఫర్, లియోగాంగ్ చుట్టుపక్కల ఉన్నాయి. మాకు రెండు రోజులే మిగలడంతో అటు వెళ్లలేకపోయాం. మళ్లీ వెళ్లినప్పుడు లోఫర్‌లోనే బస.