నీటికుక్కల బెడదకు సోలార్ ఝట్కా కిట్: కొనేముందు తెలుసుకోవాల్సినవి

చేపల కుంటకు నీటికుక్కల (ఓటర్ల) బెడద ఉందని చెప్పగానే సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో చేతిలో పెట్టేది సోలార్ ఝట్కా కిట్, అంటే ఎండతో నడిచే కరెంటు కంచె సామాను. మామూలుగా అందులో 12 వోల్టుల మిషన్, 40 వాట్ల ప్యానెల్, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, ప్లాస్టిక్ ఇన్సులేటర్లు, ఒక సైరన్ ఉంటాయి. అడవిపందుల నుంచి పంటను కాపాడుకునే రైతుల కోసం తయారైన సరుకు ఇది. మిషన్ వరకు వంక పెట్టడానికేం లేదు. సెకనుకో దెబ్బ చొప్పున ఏడెనిమిది వేల వోల్టులు కొట్టి వదులుతుంది. ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి ప్రాణం తీయదు, భయపెడుతుంది. చిక్కంతా దుకాణంవాళ్లు చెప్పే బిగింపుతోనే. అడుగు ఎత్తున మొదటి తీగ, ఆపైన అడుగుకొకటి చొప్పున మరో మూడు అంటారు. పందికి అది సరిపోతుంది. ఏడు నుంచి పదకొండు కిలోల బరువుండి, పొట్టి కాళ్లతో నేలకు ఆనుకుని నడిచే నీటికుక్క ఆ మొదటి తీగ కిందనుంచే దూరి వెళ్లిపోతుంది.

డబ్బు పెట్టేముందు చేపలను తింటున్నది నిజంగా నీటికుక్కేనా అన్నది తేల్చుకోవాలి. కృష్ణా, గోదావరి తీరాల్లో, నాగార్జునసాగర్ వెనక జలాల దగ్గర కుంటలున్నవాళ్లకు ఈ అనుమానం సబబే. హైదరాబాద్ పక్కన శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ కుంటల్లో మాత్రం ముందు వేరే కారణాలు చూడాలి. మబ్బు పట్టిన రాత్రి గడిచి తెల్లారేసరికి చేపలు తేలాయంటే అది నీళ్లలో ఆక్సిజన్ పడిపోవడం. తేలిన చేపను వీధికుక్క లాక్కెళ్లి సగం తిని వదిలేస్తే నింద నీటికుక్క మీద పడుతుంది. చేపపిల్లలు తగ్గుతుంటే నీటికాకులు, కొంగలు. గట్టు మీది బురదలో అడుగుజాడ చూస్తే సంగతి తెలిసిపోతుంది. కుక్క జాడలో నాలుగు వేళ్లే కనిపిస్తాయి. నీటికుక్క జాడలో ఐదు వేళ్లు విచ్చుకుని ఉంటాయి, మెత్తటి బురదైతే వేళ్ల మధ్య పొర గుర్తు కూడా పడుతుంది. తూము రాయి మీదో, గట్టు మలుపులోనో పొలుసులు, ముళ్లు నిండిన మలం ఒకేచోట మళ్లీమళ్లీ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

గాలం వేసేవాళ్ల బాధ కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. నీటికుక్క రోజుకు తినేది కిలో అటూఇటూగానే, కానీ మన నదుల్లోది ఒంటరిగా రాదు, కుటుంబంతో వస్తుంది. గాలానికి పడ్డ చేపను మళ్లీ నీళ్లలోకే వదిలే పద్ధతిలో నడిచే కుంటకు ఆదాయమంతా ఏళ్ల తరబడి పెరిగిన నాలుగైదు పెద్ద బొచ్చె (కట్ల) చేపల మీదే ఉంటుంది. అలాంటి చేప ఒక్కటి పోయినా సంతలో కొనుక్కొచ్చి వేసేది కాదు. ఇంగ్లండ్‌లో కార్ప్ చేపల చెరువులవాళ్లది ఇదే గోడు. అక్కడ పురుగుమందుల వల్ల నీటికుక్కలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ మందులు ఆగాయి, 1978లో వేటా ఆపారు. 2011 నాటికి అవి ప్రతి కౌంటీలోనూ మళ్లీ కనిపించాయి. చెరువులవాళ్లు చివరికి కంచెల దారి పట్టారు. ఇక్కడా దారి అదే. నీటికుక్కను చంపడం, పట్టడం, బోను పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఉన్న నాలుగు జంతువులనూ పోగొట్టుకుని చేపలు పెంచుకోవడం న్యాయం కాదు.

కాబట్టి ఈ కిట్‌ని ఇలా మార్చుకోవాలి. అసలు అడ్డు ఇనుప జాలీ, కరెంటు తీగ దానికి తోడు మాత్రమే. ఆరడుగుల వెడల్పున్న జాలీ రోల్ తీసుకుని నాలుగున్నర అడుగులు నిలువుగా కట్టాలి. మిగిలిన అడుగున్నరను బయటివైపు ఎల్ ఆకారంలో మడిచి అరడుగు లోతున పూడ్చాలి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది, గోళ్లకు జాలీ తగలగానే ఆగుతుంది. జాలీ లోపలివైపు మడిస్తే ఈ ప్రయోజనం ఉండదు. జాలీ కన్ను, అంటే రంధ్రం, రెండు అంగుళాలు దాటకూడదు. మూడంగుళాల చైన్‌లింక్ చవకే గానీ, పిల్ల దూరిపోతుంది.

జాలీకి బయటివైపు, దానికి నాలుగంగుళాలు ఎడంగా, నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తున ఒక తీగ, 25 దగ్గర రెండోది, జాలీ పైఅంచున మూడోది లాగాలి. పై తీగ పాకి ఎక్కేవాటి కోసం. నీటికుక్క బొచ్చు దట్టంగా ఉండి దెబ్బను బాగా ఆపుతుంది. అందుకే తీగ ముక్కుకో, ముందరి పాదానికో తగిలే ఎత్తులో ఉండాలి, తీగ మీద 4,000 వోల్టులకు తగ్గకూడదు. ఎకరం కుంట చదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత 255 మీటర్లు. మూడు వరసలకు, ముడులూ మలుపులూ కలుపుకుని 800 మీటర్ల తీగ, అంటే 14 గేజీ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ 20 కిలోల పైచిలుకు. మూడు మీటర్లకో స్తంభం వేస్తే 85 స్తంభాలు, 255 ఇన్సులేటర్లు. కిట్‌లో వచ్చే తెల్ల ఇన్సులేటర్లు మన ఎండకు పెళుసెక్కి పగులుతాయి. యూవీ తట్టుకునే నల్లవి విడిగా అడిగి కొనాలి.

ఎర్తింగ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. కిట్‌తో వచ్చే ఒక్క చిన్న రాడ్‌ను మొరం నేలలో దిగ్గొట్టి ఊరుకుంటారు. హైదరాబాద్ చుట్టూ ఎర్రనేల, కింద రాయి. ఏప్రిల్, మేలలో ఆ మట్టి ఎండి కరెంటును పోనివ్వదు, మిషన్ టక్‌టక్‌మంటూనే ఉంటుంది గానీ తీగ ముట్టుకున్నా జిల్లుమనదు. ఐదడుగుల జీఐ రాడ్లు మూడు, పదేసి అడుగుల దూరంలో, కుంట అంచున తడి ఆరని చోట దించి ఒకే తీగతో కలపాలి. జాలీని కూడా ఆ ఎర్త్‌కే కలపాలి. అప్పుడు జంతువు పొడి నేల మీద నిలబడినా, ముక్కు తీగకూ ఒళ్లు జాలీకీ తగిలితే దెబ్బ పడుతుంది. సరిగ్గా ఉందా లేదా చూడాలంటే, మిషన్‌కు వంద మీటర్ల అవతల రెండు మూడు ఇనుప కడ్డీలు నేలలో గుచ్చి కరెంటు తీగకు ఆనించి వోల్టేజీని 2,000 కన్నా కిందికి దించాలి. అప్పుడు చివరి ఎర్త్ రాడ్ మీద మీటర్ పెట్టాలి. 300 వోల్టులు దాటిందంటే ఇంకో రాడ్ వేయాల్సిందే. మామూలు మల్టీమీటర్ ఇందుకు పనికిరాదు, కంచెల కోసం చేసిన డిజిటల్ వోల్ట్ మీటరే కావాలి. కిట్‌లో అది ఉండదు.

వానాకాలం మొదలైతే గరిక, తుంగ వారం పది రోజుల్లోనే కింది తీగను అందుకుంటాయి. ఒక్కో పోచా కొంచెం కొంచెం కరెంటును నేలకు లాగేస్తుంది, 7,000 వోల్టులు కాస్తా 2,000కు దిగుతాయి. పూడ్చిన జాలీ మీద రెండడుగుల వెడల్పున తాండూరు నాపరాళ్ల ముక్కలు పరిస్తే గడ్డి తగ్గుతుంది, తవ్వడానికీ వీలుండదు. అయినా సందుల్లో మొలిచేది కోయాల్సిందే. కింది తీగకు విడిగా స్విచ్ పెట్టుకుంటే గడ్డి కోసేదాకా పై రెండూ పనిచేస్తుంటాయి. లీకు ఎక్కడుందో పగలు కనిపించదు. చీకటి పడ్డాక గట్టు మీద నెమ్మదిగా నడిస్తే చిటచిటమనే చప్పుడు, దానితోపాటు ఆకు మొన దగ్గర చిన్న నీలి మెరుపు కనిపిస్తాయి.

బ్యాటరీ చిన్నది, అది దాచేది కాదు. మిషన్ 250 మిల్లీ ఆంపియర్లు లాగితే పన్నెండు గంటల రాత్రికి 3 ఆంపియర్ అవర్లు పోతాయి. మూడు రోజులు ముసురు పడితే 9. లెడ్ బ్యాటరీని సగానికన్నా దిగనిస్తే త్వరగా చెడుతుంది, అంటే కనీసం 18 ఉండాలి. కిట్‌లోది 7. గేటు కింద భూమిలో వేయడానికి దుకాణంలో ఇచ్చే ఇంటి వైరింగ్ తీగ కూడా వద్దు. దాని పూత 1,100 వోల్టులకు చేసింది, ఎనిమిది వేలకు తట్టుకోదు, మట్టిలోనే లీకవుతుంది. ఫెన్సింగ్ కోసం వచ్చే డబుల్ ఇన్సులేషన్ కేబుల్ అడగాలి. రాగి తీగను జీఐతో నేరుగా మెలివేస్తే తడికి ఆ ముడి తుప్పు పట్టి తెగుతుంది, జీఐ క్లాంపు వాడాలి. సైరన్‌ను లీకు తెలిపే గంటగా వాడుకోవచ్చు. దాన్ని విని నీటికుక్క పారిపోతుందనుకోవద్దు, రెండు మూడు రాత్రుల్లో అలవాటు పడిపోతుంది.

కంచె ఎంత బాగున్నా తూము, అలుగు, గేటు వదిలేస్తే అంతా వృథా. తూము పైపుకు రెండంగుళాల లోపు సందుతో ఇనుప చట్రం పెట్టాలి, ఏటవాలుగా పెడితే చెత్త పేరుకోకుండా పైకి జారుతుంది. గేటు కింద సిమెంటు గడప కట్టించాలి. కంచె మూసే ముందు లోపల నీటికుక్క ఉందేమో చూసుకోవాలి. సాయంత్రం గట్టు మీద ఇసుక చదును చేసి, గేటు తెరిచి ఉంచి, వరసగా కొన్ని రాత్రులు జాడల్లేవని తేలాకే మిషన్ ఆన్ చేయాలి. లోపల చిక్కితే అటవీ శాఖకు కబురు చేయాలి తప్ప సొంతంగా పట్టకూడదు.

ఈ కిట్ కొనే స్థోమత లేక కొందరు ఇంటి కరెంటునే నేరుగా తీగకు కలుపుతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయొద్దు. తెలంగాణ పల్లెల్లో పందుల కోసం పెట్టిన అలాంటి తీగలకు మనుషులు బలవుతూనే ఉన్నారు. మిషన్ మీద కరెంటు కంచె మిషన్ల భద్రతకు ఉన్న ఐఎస్ 302-2-76 భారతీయ ప్రమాణం పేరు ఉందో లేదో చూసి తీసుకోవాలి. పసుపు రంగు మీద నల్ల అక్షరాలతో, కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు ఉన్న హెచ్చరిక బోర్డులు చుట్టూ కట్టాలి.

రెండెకరాల లోపు సొంత కుంట ఉండి, పెద్ద చేపలే ఆధారమైనవాళ్లు జాలీతో కలిపి వేసుకుంటేనే ఇది కొనదగ్గది. ఖర్చులో పెద్ద భాగం జాలీకి, స్తంభాలకే పోతుంది, మిషన్‌ది చిన్న వాటా. మత్స్య సహకార సంఘం చేతిలోని ఊరి చెరువుకు గానీ, రిజర్వాయర్‌కు గానీ దీనితో ఏమీ కాదు. దుకాణంలో పెద్ద మిషన్ తీసుకొమ్మని చెబితే వద్దని, ఆ తేడా డబ్బుతో ఎర్త్ రాడ్లు, పెద్ద బ్యాటరీ, వోల్ట్ మీటర్ తీసుకోండి. బిల్లు మీద మిషన్ సీరియల్ నంబర్ రాయించుకోండి. ఏప్రిల్, మే ఉరుముల వానల్లో పిడుగు దెబ్బకు ముందు పోయేది దాని లోపలి బోర్డే. పిడుగుపాటుకు వారంటీ వర్తిస్తుందో లేదో అక్కడే అడిగి, పిడుగు కరెంటును నేలలోకి మళ్లించే లైట్నింగ్ అరెస్టర్ కూడా ఆ బిల్లులోనే వేయించుకోండి.